దగ్గరి ముఖం ఎందుకు మసకబారుతుంది?

చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూడండి. ఎదురుగోడ మీది కేలండరులో ఏ తేదీ వేలి వెనుక దాక్కుందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడండి. వేలు కదల్లేదు, కాని పక్క తేదీ మీదికి గెంతినట్టు కనిపిస్తుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెచ్చి మళ్ళీ చూడండి. ఈసారి గెంతు ఇంకా పెద్దది!

మన రెండు కనుపాపల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. రెండు చోట్ల నుంచి చూస్తున్నాం కనుక వస్తువు రెండు దిక్కుల్లో కనబడుతుంది. ఈ గెంతునే పారలాక్స్ అంటారు. వస్తువు దగ్గరైన కొద్దీ గెంతు పెరుగుతుంది. అంటే గెంతును కొలిస్తే దూరం తెలుస్తుందన్నమాట. రేంజ్ ఫైండర్ కెమెరా రహస్యమంతా ఇదే. మరి ఇంత చక్కని కొలత చేతిలో ఉన్నా, మీటరు దూరంలో తీసిన ముఖం ఒక్కొక్కసారి ఎందుకు మసకబారుతుంది?

మూడు ఊళ్ళ త్రిభుజం

ముందుగా ఒక పటం గీద్దాం. సూర్యాపేట నుంచి కోదాడకు నేరుగా గీత గీస్తే సుమారు 40 కిలోమీటర్లు. దాన్ని కాగితం మీద 8 సెంటీమీటర్ల గీతగా గీయండి. సూర్యాపేట కొసన 78 డిగ్రీల కోణం, కోదాడ కొసన 41 డిగ్రీల కోణం, రెండూ గీతకు ఒకే వైపున, కోణమానినితో గీయండి. రెండు గీతలు కలిసిన చోటు మిర్యాలగూడ! సూర్యాపేట నుంచి అక్కడికి స్కేలుతో కొలవండి. 6 సెంటీమీటర్లు, అంటే 30 కిలోమీటర్లు వస్తుంది. మిర్యాలగూడ దారిలో ఒక్క అడుగు వేయకుండానే దాని దూరం తెలిసింది. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే చాలు.

భారతదేశాన్ని కొలిచింది ఈ పద్ధతిలోనే. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ ఉత్తరానికి సాగింది. 1819లో కృష్ణా గోదావరుల నడుమ నిజాం రాజ్యంలో సర్వే చేసినవాడు జార్జ్ ఎవరెస్టు. హిమాలయ శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ఆ సర్వేలో త్రిభుజాల భుజాలు ఎన్నో కిలోమీటర్ల పొడవు. రేంజ్ ఫైండర్ కెమెరాలో త్రిభుజం అడుగు భుజం ఆరేడు సెంటీమీటర్లు మాత్రమే!

అరచేతిలో సర్వే యంత్రం

1932లో జర్మనీలో లైకా, కాంటాక్స్ కెమెరాల్లో కటకంతో జతపడిన రేంజ్ ఫైండర్ వచ్చింది. 1954 నాటి లైకా ఎం3లో అది చూపు కిటికీలోనే కలిసిపోయింది. దాని పనితీరు తేలికే. కెమెరా ముందువైపున రెండు చిన్న కిటికీలు ఉంటాయి. మొదటిదాంట్లోంచి నేరుగా చూస్తాం. రెండో కిటికీలో పడిన దృశ్యం కదిలే అద్దం లేదా పట్టకం ద్వారా మన కంటికే చేరుతుంది. అందువల్ల చూపు మధ్యలో ఒక చిన్న వెలుగు గడిలో వస్తువు రెండుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పితే కటకం ముందుకు వెనక్కు జరుగుతుంది. దానికి తగిలి ఉన్న చిన్న చేయి రెండో దృశ్యాన్ని కూడా జరుపుతుంది. రెండు బొమ్మలు ఒకటైన క్షణాన కటకం సరిగ్గా ఆ దూరానికి అమరుతుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. మనం చూస్తున్నది ఫోటో తీసే కటకంలోంచి కాదు, పక్క కిటికీలోంచి. ఫిల్మ్ మీద ఏది మసకగా పడబోతోందో కంటికి తెలియదు. చుట్టకు 36 బొమ్మలు. ఫిల్మ్ కడిగేదాకా తప్పు బయటపడదు. అప్పటికి పెళ్ళి అయిపోయి ఉంటుంది, చుట్టాలు ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.

పెద్ద కన్నున్న కటకం

దీపం వెలుగులో అమ్మమ్మ ముఖం ఫోటో తీయాలనుకోండి. వెలుతురు చాలదు. అప్పుడు పెద్ద ద్వారమున్న కటకం కావాలి. కటకం నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. 1961లో జపాను కంపెనీ కానన్ తన రేంజ్ ఫైండర్ కెమెరా కోసం 50 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/0.95తో తయారు చేసింది. దాని ద్వారం వ్యాసం నాభ్యంతరం కన్నా ఎక్కువ! ఎఫ్/8 దగ్గర వచ్చే వెలుతురుకు ఇది 70 రెట్లు రానిస్తుంది.

కాని ఏదీ ఊరికే రాదు. వెడల్పాటి ద్వారం గుండా వచ్చే కిరణాలు వెడల్పాటి శంకువులా వచ్చి ఒక బిందువులో కలుస్తాయి. ఫిల్మ్ ఆ బిందువుకు ఏమాత్రం ముందున్నా వెనుకున్నా, చుక్క పడవలసిన చోట బిళ్ళ పడుతుంది. చిన్న ద్వారంలో శంకువు సన్నం కనుక ఆ బిళ్ళ చిన్నదే, కంటికి ఆనదు. బొమ్మ స్పష్టంగా కనిపించే మేరను స్పష్టతా లోతు అందాం. ఈ కటకంతో 1 మీటరు దూరంలో ఆ లోతు సుమారు 2.2 సెంటీమీటర్లే. అమ్మమ్మ కంటికి ముందు 1.1, వెనుక 1.1. కన్ను స్పష్టంగా ఉంటే ముక్కు కొన మసకే!

అసలు దోషి ఎవరు?

దగ్గరలో రేంజ్ ఫైండర్ సరిగా కొలవలేదని మీరు అనుకోవచ్చు. నిజానికి దగ్గరలోనే గెంతు పెద్దది, కొలత సులువు. సరిగా అమర్చిన పరికరమైతే నేరం దానిది కాదు. దోషులు ఇద్దరు: మన తల తిప్పుడు, మన ఊగుడు.

వెలుగు గడి చూపు నడిమధ్యన ఉంటుంది. అమ్మమ్మ కన్ను మీద గడి పెట్టి బొమ్మలు కలిపాం. కాని కన్ను ఫోటో మధ్యలో ఉంటే అందం రాదు. అందుకని కెమెరాను 10 డిగ్రీలు తిప్పి మీట నొక్కాం. ఏం జరిగింది? కటకం స్పష్టంగా చూపేది కెమెరాకు ఎదురుగా నిలిచిన ఒక తలాన్ని, గాజు పలక వంటిదాన్ని. కెమెరా తిరిగితే పలకా తిరుగుతుంది. పలక నడిమి మీటరు దూరంలోనే ఉంది, కాని అంచు కంటి వెనక్కు జరిగిపోయింది. ఎంత? 10 డిగ్రీల కొసైను 0.985 కనుక 1.5 సెంటీమీటర్లు. మనకున్న వెసులుబాటు 1.1 మాత్రమే. కన్ను మసకబారింది!

ఇదే 3 మీటర్ల దూరంలో అయితే? తిప్పుడు వల్ల వచ్చే తేడా మూడు రెట్లయి 4.6 సెంటీమీటర్లు అవుతుంది. కాని స్పష్టతా లోతు దూరపు వర్గంతో పెరుగుతుంది. మూడు రెట్ల దూరానికి తొమ్మిది రెట్లు! ఇటు 10, అటు 10 సెంటీమీటర్లు. 4.6 అందులో హాయిగా ఇమిడిపోతుంది. ఇక ఊపిరి తీసేటప్పుడు మనం ఒక 2 సెంటీమీటర్లు ఊగామనుకోండి. ఆ ఊగుడు దూరంతో మారదు. 3 మీటర్ల దగ్గర అది లెక్కలోకి రాదు. 1 మీటరు దగ్గర అదొక్కటే బొమ్మను చెడగొడుతుంది.

కాబట్టి దగ్గరికి వచ్చిన కొద్దీ మన తప్పులు తగ్గేదానికన్నా వేగంగా, వాటిని ఓర్చుకునే లోతు తగ్గిపోతుంది.

ఉపాయాలు

కారణం తెలిస్తే మందు తెలుస్తుంది. కెమెరాను తిప్పకండి, తిన్నగా పక్కకో కిందికో జరపండి. అప్పుడు పలక తిరగదు. తిప్పక తప్పకపోతే మీట నొక్కే ముందు పిసరంత వెనక్కు వాలండి. వలయాన్ని 1 మీటరు దగ్గర ఉంచి, మీరే ముందుకు వెనక్కు కదులుతూ బొమ్మలు కలిసిన క్షణాన నొక్కండి. గోడకో స్తంభానికో ఆనుకుంటే ఊగుడు తగ్గుతుంది. వెలుతురు ఉంటే ద్వారాన్ని ఎఫ్/4కు తగ్గించండి. లోతు నాలుగు రెట్ల పైగా పెరిగి 9 సెంటీమీటర్లు దాటుతుంది.

ఫోన్ కెమెరాతో ఈ బాధ లేదెందుకు? దాని కటకం నాభ్యంతరం కొన్ని మిల్లీమీటర్లే కనుక లోతు చాలా ఎక్కువ. ముఖం వెనుక మసకను చాలా ఫోన్లు లెక్క కట్టి పూస్తాయి. రెండు కటకాలున్న ఫోన్లు ఆ లెక్కకు వాడుకునేది కూడా మీ బొటనవేలి గెంతునే!

మీరు చేసి చూడండి

కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. కింది కొస కెమెరా, పై కొస కన్ను. కింది కొస నుంచే 10 డిగ్రీలు పక్కకు మరో 10 సెంటీమీటర్ల గీత గీయండి. దాని పై కొస దగ్గర లంబం గీసి మొదటి గీత వైపు పొడిగించండి. అదే మన గాజు పలక. కన్ను నుంచి ఆ పలకకు లంబదూరం కొలవండి. మిల్లీమీటరున్నర వస్తుంది. పదితో గుణిస్తే అమ్మమ్మ ఫోటోను చెడగొట్టిన తేడా.

ఇప్పుడు మీకొక లెక్క: దూరం 2 మీటర్లు, తిప్పుడు 10 డిగ్రీలు. కన్ను స్పష్టంగా వస్తుందా, రాదా?