రెండు బోర్డులున్నయి సరే, మా బాపు ఎటు పోవాలె?

ఈ రోజు టాపిక్ పేరు చెప్తేనే ఇంట్ల పెద్దవాళ్లు ‘అన్నం తినేటప్పుడు గివేం ముచ్చట్లు’ అంటరు. బాత్రూంల గురించి మాట్లాడుకుందాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని అయినా సరే, చివరిదాకా వినండి.

ముందు నా సంగతి చెప్తా. పోయినేడు మా బాపుకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగ్గా పనిచేయవు. చెకప్ కోసం ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బస్సుల తీసుకొస్తున్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకే నేనొక్కదాన్నే. దారిలో ఒక బస్టాండ్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. ‘బిడ్డా, ఒంటికి పోవాలె’ అన్నడు.

భుజం మీద చెయ్యి వేయించుకొని దింపిన. జెంట్స్ వైపు పోతే లోపలున్నవాళ్లు ‘ఓ అక్కా, ఇటెందుకొస్తున్నవ్’ అని అరిచిన్రు. లేడీస్ వైపు పోతే అక్కడ పైసలు తీసుకునే ఆమె ‘మగమనిషిని లోపలికెట్ల తీస్కపోతవమ్మా’ అన్నది. ఇద్దరిదీ తప్పు కాదు. చివరికి ఎవరో ఒకన్న బాపును పట్టుకొని లోపలికి తీసుకుపోయిండు. కానీ అప్పటికే ఆలస్యమైంది. మిగతా దారంతా బాపు తడిసిన లుంగీతోనే కిటికీ దిక్కు చూసుకుంట కూర్చున్నడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పటిదాకా టాయిలెట్లు, జెండర్ అనే డిబేట్ అంటే అమెరికా వాళ్ల గొడవ అనుకునేదాన్ని. 2016లో అక్కడ నార్త్ కరోలినా రాష్ట్రం, ప్రభుత్వ భవనాల్లో ఎవరైనా తమ బర్త్ సర్టిఫికెట్‌లో ఏ జెండర్ ఉంటే ఆ టాయిలెట్‌కే పోవాలని చట్టం చేసింది. పెద్ద లొల్లి అయ్యింది. మరుసటి సంవత్సరమే ఆ నిబంధన తీసేసిన్రు. దాని మీద రీల్స్ చూసి నవ్వుకున్న. మన బస్టాండ్‌లో నిలబడ్డప్పుడు అర్థమైంది, ప్రశ్న మన దగ్గర కూడా అదే. రెండు బోర్డులు పెట్టినం. ఆ రెండింట్లో పట్టని మనుషులు ఎటు పోవాలె?

మొదట, బోర్డు ఉన్నవాళ్ల సంగతే చూద్దాం. ఒకే సైజు గది రెండు వైపులా ఇచ్చిన్రు అనుకోండి. మగవాళ్ల వైపు యూరినల్స్ తక్కువ జాగాలో ఎక్కువ పడతయి. ఆడవాళ్లకు ప్రతి ఒక్కరికీ తలుపున్న గది కావాలె. చీర, పక్కన చిన్నపిల్లలు, పీరియడ్స్, ఇవన్నీ కలిస్తే టైం కూడా ఎక్కువ పడుతది. అంటే కొలతలో సమానం, వాడకంలో కాదు. పైగా చాలాచోట్ల ఒంటికి పోవడం మగవాళ్లకు ఫ్రీ, ఆడవాళ్ల దగ్గర పైసలు తీసుకుంటరు. 2011లో ముంబైలో మహిళా సంఘాలు ‘రైట్ టు పీ’ ఉద్యమం మొదలుపెట్టింది ఇందుకే.

దీనికి మన అమ్మలు కనిపెట్టిన పరిష్కారం తెలుసా? ప్రయాణం రోజు నీళ్లు తాగకపోవడం. నీళ్లు తక్కువ తాగి, గంటలకొద్దీ ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతది. మూత్రనాళం పొట్టిగా ఉంటది కాబట్టి ఆడవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు బోర్డే లేనివాళ్ల దగ్గరికి వద్దాం. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది కదా. ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకు కూడా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. అంటే ఒక ట్రాన్స్ మహిళ ఆదిలాబాద్‌లో ఎక్కి కరీంనగర్‌లో దిగొచ్చు, ప్రభుత్వం టికెట్ ఇస్తది. కానీ దిగినంక ‘పురుషులు’ దిక్కు పోతే వేధింపులు, ‘స్త్రీలు’ దిక్కు పోతే ‘నువ్వు బయటికి పో’. ప్రయాణం ఫ్రీ, బాత్రూం మాత్రం లేదు.

మన ప్రాంతంలో దీనికి పాత చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలె. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకొని వీధిలో కనబడితే వారెంట్ లేకుండానే అరెస్ట్ చేయొచ్చు. మన ఆదిలాబాద్, కరీంనగర్ కూడా అప్పుడు నిజాం రాజ్యమే. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. అంటే వందేళ్లకు పైగా, బజార్ల కనబడడమే నేరం అన్న చట్టం పుస్తకాల్లో ఉన్నది.

మరి కొత్త చట్టాలు ఏం చెప్తున్నయి? 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను గుర్తించి, వాళ్లకు వేరే పబ్లిక్ టాయిలెట్లు కట్టాలని ప్రభుత్వాలకు చెప్పింది. 2017లో స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు ఇంకో దారి చూపించినయి. పబ్లిక్ టాయిలెట్లలో వాళ్లు తమకు నచ్చిన వైపు వాడుకోవచ్చు అన్నయి. 2019 చట్టం, ప్రజలందరి కోసం ఉన్న సౌకర్యాల్లో వివక్ష చూపొద్దన్నది. ఇక 2025 జనవరి 15న సుప్రీంకోర్టు, దేశంలోని అన్ని కోర్టుల్లో పురుషులకు, మహిళలకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు టాయిలెట్లు ఉండాలని ఆదేశించింది. ఇది జీవించే హక్కులో భాగం అని చెప్పింది. మన జిల్లా కోర్టులకు కూడా ఇది వర్తిస్తది.

చూసిన్రా, ఇక్కడ రెండు దారులున్నయి. ఒకటి, వేరే గది. రెండు, నచ్చిన వైపు పోవడం. వేరే గది అంటే భద్రత ఉంటది, కానీ ఆ బోర్డు కిందికి పోతుంటే బస్టాండ్ మొత్తం తిరిగి చూస్తది. నచ్చిన వైపు అంటే గౌరవం ఉంటది, కానీ లోపలున్న ఆడవాళ్లు కొందరు భయపడతరు.

ఆ భయాన్ని ఎగతాళి చేయొద్దు. విరిగిన గొళ్లెం, లైటు లేని గది, పైనుంచి ఫోన్ పెట్టి వీడియో తీసే వెధవలు, ఇవన్నీ నిజమే. కానీ చూడండి, ఆ వెధవను ఆపేది బోర్డు కాదు. గట్టి గొళ్లెం, లైటు, పై దాకా గోడ, బయట కాపలా మనిషి. చాటుగా చూసినా, వీడియో తీసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం.

నాకు సమాధానం రైల్లో దొరికింది. మన రైలు బోగీ చివర ఉన్న టాయిలెట్ మీద ఆడ, మగ అని బోర్డు ఉంటదా? ఉండదు. ఒకరే లోపలికి పోతరు, గొళ్లెం పెట్టుకుంటరు, వస్తరు. మన తాతల కాలం నుంచి అందరం అదే వాడుతున్నం. అది శుభ్రంగా లేదని తిట్టుకుంటం గానీ, అందరిదీ ఒకటే అని ఎవరూ గొడవ పెట్టలేదు.

అందుకే నేననేది, లేడీస్ వైపు తీసేయమని కాదు. అది ఉండాలె, ఇంకా పెరగాలె. దానికి తోడు ప్రతి బస్టాండ్‌లో ఒక్క గది. చక్రాల కుర్చీ పట్టేంత తలుపు, గోడకు పట్టుకునే కడ్డీ, లోపలే నీళ్లు, వాష్‌బేసిన్, చెత్తబుట్ట. బోర్డు మీద ‘అందరికీ’ అని రాస్తే చాలు. ట్రాన్స్‌జెండర్ వాడొచ్చు, కూతురును తీసుకొచ్చిన నాన్న వాడొచ్చు, మా బాపును పట్టుకొని నేనూ వాడొచ్చు. ఎవరు ఎందుకు పోతున్నరో బయటివాళ్లకు తెలియదు.

వాట్సాప్‌లో తిరిగే ఒక ఫార్వర్డ్ గురించి కూడా చెప్పాలె. ‘1867 సరాయ్ చట్టం ప్రకారం ఏ హోటల్లోనైనా ఫ్రీగా బాత్రూం వాడుకోవచ్చు’ అని. ఆ చట్టంలో సరాయ్‌లను రిజిస్టర్ చేయాలి, శుభ్రంగా ఉంచాలి అని ఉంది గానీ, దారిన పోయేవాళ్లకు ఫ్రీ బాత్రూం అని లేదు. దాన్ని పట్టుకొని హోటల్ వాళ్లతో కొట్లాడకండి. పెట్రోల్ బంకుల సంగతి వేరు. గాలి, తాగునీళ్లు, టాయిలెట్ ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనల్లోనే ఉంది. తాళం వేసి ఉంటే అడగండి.

ఇక మీరు చేయగలిగేది. మీ ఊరి పబ్లిక్ టాయిలెట్‌లో నీళ్లు, లైటు లేకుంటే స్వచ్ఛత యాప్‌లో ఫొటో పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది, ‘అందరికీ’ గది కావాలని ఒక కాగితం రాసివ్వండి. లేదంటే పది రూపాయల ఆర్‌టీఐ. మా బస్టాండ్‌లో దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు టాయిలెట్ ఉందా, తాళం ఎవరి దగ్గరుంది అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె.

నేను రెండు కాగితాలు రాసిన. జవాబు వచ్చినంక ఇంకో ఎపిసోడ్ చేస్త. వచ్చే నెల బాపుకు మళ్లీ చెకప్ ఉంది. ‘బస్సుల వద్దు బిడ్డా’ అంటున్నడు. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం చెప్పుకోం. ఉంట మరి, నమస్తే.