వార్తల్లో పదం: ఈఎంఎంసీ

తక్కువ ధరలో దొరికే తేలికపాటి ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్‌, ఎస్‌ఎస్‌డీలకు బదులు వాడే ఫ్లాష్ స్టోరేజీయే ఈఎంఎంసీ. చిప్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తారు కాబట్టి తీసి పెద్దది వేయడం కుదరదు.

ఎందుకు వార్తల్లోకి: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు కనీసం 64 జీబీ స్టోరేజీ ఉండాలి. దాంతో 32 జీబీ ఈఎంఎంసీ ఉన్న ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 దారి మూసుకుపోయింది. 64 జీబీ ఉన్నవాటిలోనూ చోటు ఇరుకే.

ఖాళీ చేయాలంటే: సెట్టింగ్స్‌లోని సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి టెంపరరీ ఫైల్స్ తొలగించాలి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. చూసుకోకుండా టిక్ పెడితే మనకు కావలసిన ఫైళ్లూ పోతాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే పాత విండోస్ ఫైళ్లను తీసేస్తే చాలా జీబీలు కలిసొస్తాయి. అయితే మళ్లీ పాత వెర్షన్‌కు వెళ్లలేం.

పెంచాలంటే: ఫొటోలు, వీడియోలను మైక్రోఎస్‌డీ కార్డులోకి మార్చుకోవచ్చు. కార్డు పాడైతే అన్నీ పోతాయి కనుక మరోచోట కాపీ తప్పనిసరి. కొన్ని మోడళ్లలో ఎం.2 స్లాట్ ఉంటుంది. అందులో ఎస్‌ఎస్‌డీ వేసుకోవడమే మేలైన మార్గం. పిల్లల చదువుకోసం ల్యాప్‌టాప్ కొనేవారు ధరతోపాటు స్టోరేజీ రకం, అదనపు స్లాట్ సంగతి ముందే అడగాలి.