పులి జెండా నీడలో అడగని ప్రశ్న

2009 అక్టోబరు. శ్రీలంకలో యుద్ధం ముగిసి అప్పటికి ఐదు నెలలు. తమిళనాడు నుంచి వెళ్ళిన పార్లమెంటు సభ్యుల బృందం ఆ దేశాధ్యక్షుడు మహింద రాజపక్సను కలిసింది. ఆ బృందంలో చిదంబరం సభ్యుడు, విడుదలై చిరుత్తైగళ్ కట్చి అధినేత తొల్. తిరుమావళవన్ కూడా ఉన్నారు. ప్రభాకరన్‌తో ఆయనకున్న స్నేహాన్ని రాజపక్స గుర్తుచేశారు. చివరి రోజుల్లో ఆయన వెంట లేకపోవడం మీ అదృష్టం, ఉంటే మీ కథా ముగిసేది అన్న అర్థం వచ్చేలా నవ్వుతూ మాట్లాడారు. ఆ మాట మరునాడు పత్రికలకెక్కింది. ఒక దళిత నాయకుడి గతాన్ని ఒక విజేత ఆయన ముఖం మీదే పరిహాసమాడిన సందర్భమది.

ఆ గతాన్ని మన దేశంలోనూ తరచూ తవ్వుతుంటారు. నిషిద్ధ సంస్థను సమర్థించిన వ్యక్తి రాజ్యాంగం గురించి ఎలా మాట్లాడతాడని అడుగుతారు. అంబేడ్కర్ ఆలోచనను నమ్మేవాణ్ణి గనుక ఈ ప్రశ్నను నేను దాటవేయలేను. అయితే అడుగుతున్నదెవరో, అడగవలసిన అసలు ప్రశ్న ఏదో తేల్చుకోకుండా జవాబు చెప్పడం కూడా తగదు.

మొదట అడిగేవారి సంగతి. 1983 తర్వాత తమిళ మిలిటెంట్ సంస్థలకు ఆయుధ శిక్షణ ఇచ్చింది భారత ప్రభుత్వమే. నాటి తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ పులులకు కోట్ల రూపాయలు అందించారు. ఆయన మరణానంతరం 1988లో దేశం ఆయనకు భారతరత్న ఇచ్చింది. పులులతో సంబంధాల ఆరోపణపై 1991 జనవరిలో కరుణానిధి ప్రభుత్వం బర్తరఫ్ అయింది. 1997లో జైన్ కమిషన్ మధ్యంతర నివేదికను చూపి, డీఎంకే మంత్రులను తొలగించలేదన్న కారణంతో కాంగ్రెస్ గుజ్రాల్ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించింది. 2004లో అవే రెండు పార్టీలు చేతులు కలిపి ఎన్నికలకు వెళ్ళాయి. దేశభద్రత పేరిట చేసే ఆగ్రహానికి పొత్తులను బట్టి జ్ఞాపకశక్తి పెరుగుతుంది, తరుగుతుంది.

చట్టం మాటా చూద్దాం. పులులపై మన దేశంలో 1992 మేలో నిషేధం వచ్చింది. వారిని సమర్థిస్తూ తిరుమంగళం సభలో ప్రసంగించినందుకు వైగోను 2002 జూలైలో పోటా కింద అరెస్టు చేశారు. ఆయన పార్టీ ఆ చట్టాన్ని తెచ్చిన అధికార కూటమిలో భాగస్వామి! ఆయన పందొమ్మిది నెలలు జైలులో ఉన్నారు. ఉగ్రవాద చర్యను ప్రోత్సహించే ఉద్దేశం లేనప్పుడు కేవల నైతిక మద్దతు పోటా కింద నేరం కాదని 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక మాటను నేరంగా చూపి ఒక నాయకుణ్ణి దేశద్రోహిగా ముద్ర వేయడాన్ని నేను అంగీకరించను. ఆ ముద్ర ఎంత తేలికగా దళిత, ముస్లిం, ఆదివాసీ నాయకుల మీద పడుతుందో మనకు తెలియనిది కాదు.

కానీ చట్టం ముందు నిర్దోషి అయినంత మాత్రాన రాజకీయ ప్రశ్న ముగియదు. ఒక దళిత నాయకుణ్ణి ఈళం వైపు నడిపించినదేమిటి? తమిళుడన్న గుర్తింపే రాజకీయాధికారానికి తలుపైన చోట ఆ గుర్తింపులో దళితుడికి చోటు లేదు. ఊరిలో వెలివాడ, వేదిక మీద తమిళ సోదరత్వం. నేనూ తమిళుణ్ణే, మీకంటే గట్టిగా తమిళుణ్ణని చాటడంలో ఆ వెలిని ధిక్కరించే తపన ఉంది. పైగా ప్రభాకరన్ జాఫ్నాను ఏలిన వెళ్ళాళ కులస్తుడు కాడు, సముద్రం మీద బతికే కరైయార్ కులం నుంచి వచ్చినవాడు. ఈ ఆకర్షణను నేను అర్థం చేసుకోగలను. 2009 జనవరిలో కాల్పుల విరమణ కోరుతూ తిరుమావళవన్ చేసిన నిరాహార దీక్ష వెనుక వన్నిలో చిక్కుకున్న సామాన్యుల పట్ల నిజమైన ఆవేదన ఉందనీ నమ్ముతాను.

అయితే జాఫ్నా దళితుల కథ పులులతో మొదలు కాలేదు. పళ్ళర్, నళవర్, పరయర్ తదితర కులాలను అక్కడ పంచములన్నారు. గుడి, బావి, టీకొట్టు వారికి మూసి ఉండేవి. 1968లో మావిట్టపురం కందస్వామి ఆలయ ప్రవేశానికి వారు సత్యాగ్రహం చేస్తే, అడ్డుగా నిలిచినవారికి నాయకత్వం వహించింది సి. సుందరలింగం అనే తమిళ మేధావి, మాజీ మంత్రి. తమిళులకు ప్రత్యేక రాజ్యం కావాలని తొలినాళ్ళలోనే కోరినవారిలో ఆయన ఒకరు! పంచములకు అండగా నిలిచింది షణ్ముగదాసన్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు. ఆ పోరాటాన్ని కె. డేనియల్ నవలలకెక్కించాడు.

పులులు తమ ప్రాంతంలో కులవివక్షను నిషేధించారన్నది నిజం. కానీ నిషేధించడం వేరు, నిర్మూలించడం వేరు. కులం గురించి మాట్లాడటమే జాతి ఐక్యతకు ద్రోహమైన చోట కులం మౌనంగా బతుకుతుంది. యుద్ధ నిర్వాసితులుగా జాఫ్నా శిబిరాల్లో ఏళ్ళ తరబడి మిగిలిపోయినవారిలో అధికులు సొంత భూమిలేని అణగారిన కులాలవారేనని పరిశోధకులు నమోదు చేశారు. తోటి తమిళ విముక్తి సంస్థలను 1986లో పులులు తుపాకులతో తుడిచిపెట్టారు. 1989లో రజని తిరణగమ అనే వైద్యురాలు హత్యకు గురైతే వేళ్ళన్నీ వారివైపే చూపాయి. 1990 అక్టోబరులో ఉత్తర రాష్ట్రం నుంచి తమిళమే మాతృభాషగా గల సుమారు 75 వేల మంది ముస్లింలను కట్టుబట్టలతో వెళ్ళగొట్టారు. వెలి అంటే ఏమిటో తెలిసిన దళితుడు ఆ వెలిని ఎలా చూసీ చూడనట్టు ఊరుకోగలడు?

నేను తిరుమావళవన్‌ను అడిగేది ఈ ప్రశ్న. దేశభక్తి పరీక్ష ఆయనకు నేను పెట్టను. మీరు సమర్థించిన ఉద్యమంలో అట్టడుగు మనిషికి నోరుందా అన్నదొక్కటే అడుగుతాను.

ఈ ప్రశ్నను వాయిదా వేస్తే ఏమవుతుందో తమిళనేలే చూపింది. తమిళ పరిరక్షణ పేరిట ఆయన, వన్నియ కులంలో పునాది ఉన్న పీఎంకే నాయకుడు రామదాస్ ఒకే వేదిక మీద నిలిచారు. ఆ ఐక్యత ఊళ్ళోకి దిగలేదు. 2012 నవంబరులో ఒక దళిత యువకుడు వన్నియ యువతిని పెళ్ళాడాడన్న కక్షతో ధర్మపురి జిల్లాలో మూడు దళిత వాడలను తగలబెట్టారు. కాల్చినవారూ తమిళులే, కాలిపోయిన ఇళ్ళూ తమిళులవే.

ఇది పొరుగువారి కథ అని మనం నవ్వుకోనక్కర లేదు. తెలుగువారి ఆత్మగౌరవం నినాదంతో 1983లో ప్రభుత్వం వచ్చింది. 1985 జూలైలో కారంచేడు జరిగింది. చంపినవారికీ చచ్చినవారికీ భాష ఒకటే. ఆత్మగౌరవం ఎవరిదో తేల్చుకోవడానికి దళితులు ఆనాడు చీరాల శిబిరంలో కొత్త ఉద్యమాన్నే నిర్మించుకోవలసి వచ్చింది.

అంతర్జాతీయ సంఘీభావం వద్దని నేను అనను. పాలస్తీనా కోసం, ఈళ తమిళుల కోసం మన విద్యార్థులు గొంతెత్తాలి. కానీ పీడిత ప్రజకు మద్దతివ్వడం, వారి పేరిట తుపాకి పట్టిన సంస్థకు లొంగిపోవడం ఒకటి కావు. రాజపక్స పరిహాసానికి తలవంచవలసిన పని తిరుమావళవన్‌కు లేదు. మావిట్టపురం గుడి ముందు దెబ్బలు తిన్న పంచములకు మాత్రం ఆయన జవాబు బాకీ ఉన్నారు. ఆ జవాబు ఆయన నోటనే వస్తే వినాలని నాకుంది.