ఎర్రమట్టి దిబ్బలు – పర్యాటకం

విశాఖపట్నం–భీమునిపట్నం దారిలో సముద్రం పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. ఇనుము తుప్పే వాటికి ఎరుపునిచ్చింది.

ఒక చోటికి పర్యాటకులను పిలవాలంటే మూడు సంగతులు చూడాలి: శాస్త్రరీత్యా విలువ, చేరుకునే సౌకర్యం, తట్టుకునే శక్తి. మొదటి రెండింటా దిబ్బలకు మంచి మార్కులే. చిక్కల్లా మూడోదానితోనే. తిరుమల శిలాతోరణం గట్టి రాయి; చుట్టూ కంచె వేస్తే చాలావరకు కాపాడినట్టే. ఇక్కడ ఇసుక రేణువులను పట్టి ఉంచేది పలచగా అంటిన ఇనుము, బంకమన్నే. మా పొలం గట్టు మీద కాలిబాట పడితే మొదటి పెద్దవానకే అక్కడ గండి పడుతుంది. దిబ్బలకూ అదే ముప్పు.

కనుక వచ్చినవాళ్లు నడవడానికి చెక్కబాట, వానల్లో ప్రవేశం బందు, విషయం తెలిసిన స్థానిక గైడ్లు ముందు కావాలి. హోటళ్ల సంగతి తర్వాత. కోసుకుపోయిన పొలానికి మట్టి తోలుకుంటాం; దిబ్బలను ఎక్కణ్ణించి తోలుకొస్తాం?