కుటుంబం అంటే అమ్మా నాన్నేనా? ఇద్దరు అమ్మలున్న ఇంటి సంగతేంటి? పాఠాలు, కోర్టులు చెబుతున్నది ఇదీ..

చిన్న తరగతుల్లో 'మా కుటుంబం' పాఠం గుర్తుందా? నాన్న ఆఫీసుకు బయల్దేరతాడు. అమ్మ వంటింట్లో ఉంటుంది. పక్కనే ఇద్దరు పిల్లలు. ఎన్ని ఇళ్లు ఆ బొమ్మలా ఉంటాయన్నది వేరే సంగతి. తాతమ్మల దగ్గర పెరిగేవాళ్లు, ఒంటరి తల్లుల పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఇప్పుడు కాలేజీల్లో ఆ బొమ్మనే ప్రశ్నించే చదువు ఒకటి ఉంది. దాన్నే కుటుంబ అధ్యయనాల్లో స్త్రీవాద దృష్టి అంటున్నారు.

పేరు బరువుగా ఉన్నా విషయం మాత్రం మనకు కొత్తది కాదు. సంగారెడ్డి జిల్లా ఝరాసంగం అంటే అందరికీ కేతకీ సంగమేశ్వర ఆలయమే గుర్తొస్తుంది. అదే మండలంలోని మాచనూరులో 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాల రేడియో ఇది. నడిపేదీ, మాట్లాడేదీ ఎక్కువగా దళిత మహిళా రైతులే. జొన్న, కొర్ర విత్తనాలను బూడిద, వేపాకు కలిపి ఏడాదంతా ఎలా దాచాలో వాళ్లకు బాగా తెలుసు. కానీ ఇంట్లో ఆడవాళ్లు చేసే ఇలాంటి పని చాలాకాలం 'ఇంటిపని' కిందే పోయింది. వ్యవసాయం అని ఎవరూ లెక్కేయలేదు.

స్త్రీవాద దృష్టి అడిగేది సరిగ్గా ఇదే. ఇంట్లో ఎవరున్నారని కాదు.. ఎవరు చాకిరీ చేస్తున్నారు? ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆస్తి ఎవరి పేరు మీద ఉంది?

కేంద్రం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే చూస్తే తేడా తెలుస్తుంది. జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అంటే మూడు రెట్ల కంటే ఎక్కువే.

తెలంగాణలో ల్యాబ్‌గా వచ్చిన పాఠం

ఈ ప్రశ్నల్ని క్లాసులోకి తెచ్చిన రాష్ట్రాల్లో తెలంగాణ ముందుంది. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధకులు రాసిన 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' పుస్తకాన్ని తెలుగు అకాడమీ రెండు భాషల్లో ప్రచురించింది. 2015లో జేఎన్టీయూ హైదరాబాద్ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీలకు అది పాఠ్యపుస్తకమైంది. సబ్జెక్టు పేరు 'జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్'. అందులో 'మా అమ్మ పని చేయదు' అనే అంశం ఉంది. ఆ మాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో చెప్పక్కర్లేదు కదా! జెండర్ అంటే రెండేనా, ఇంకా ఉన్నాయా అని చర్చించే భాగం కూడా ఉంది. అయితే పిల్లల్ని పెంచుతున్న ఎల్జీబీటీ జంటల మీద విడిగా శీర్షిక లేదు.

మరి ఆ జంటల మాట ఇక్కడికి ఎందుకొచ్చింది? కుటుంబాన్ని పెళ్లితో కాకుండా, సాకడంతో కొలవడం మొదలుపెడితే ఇద్దరు అమ్మలున్న ఇల్లు, ఇద్దరు నాన్నలున్న ఇల్లు, ట్రాన్స్ మహిళ అమ్మగా ఉన్న ఇల్లు కూడా లెక్కలోకి వస్తాయి.

పిల్లలు ఎలా పెరుగుతున్నారు?

అందరికీ వచ్చే డౌటే ఇది. అమెరికాలో 1986లో మొదలైన ఒక అధ్యయనం లెస్బియన్ తల్లుల పిల్లల్ని పుట్టకముందు నుంచే గమనిస్తూ వచ్చింది. 17 ఏళ్లకు చేరిన 78 మంది వివరాలు 2010లో బయటికొచ్చాయి. మిగతా పిల్లలతో పోలిస్తే ప్రవర్తనా సమస్యలు ఎక్కువగా లేవని తేలింది. చిన్న నమూనా, అదీ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబాలు అన్నది గుర్తుంచుకోవాలి. కానీ 'పిల్లలు పాడైపోతారు' అనే వాదనకు ఇందులో ఆధారం దొరకలేదు.

మన చట్టం ఎక్కడుంది?

2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఓ నర్సు ప్రసూతి సెలవు కేసులో తీర్పిచ్చింది. భర్త మొదటి పెళ్లి పిల్లల కోసం ఆమె అప్పటికే సెలవు వాడుకుందని ఆసుపత్రి కాదంది. కుటుంబం ఒకే మూసలో ఉండదని, పెళ్లి కాని జంటలవి, స్వలింగ సంబంధాలు కూడా కుటుంబాలు కావచ్చని కోర్టు చెప్పింది.

కానీ 2023 అక్టోబర్ 17న సీన్ మారింది. హైదరాబాద్ జంట ముందుండి వేసిన సుప్రియో కేసులో స్వలింగ పెళ్లికి గుర్తింపు రాలేదు. కలిసి దత్తత తీసుకునే హక్కు కూడా 3:2 తేడాతో ఆగిపోయింది. జంటగా దత్తతకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం కావాలన్న నిబంధన అలాగే ఉంది. ఒంటరి వ్యక్తిగా అయితే దత్తత తీసుకోవచ్చు. మగవాళ్లకు ఆడపిల్లను ఇవ్వరు.

అసలు చిక్కు ఇక్కడే. ఇద్దరు అమ్మలు కలిసి ఒక పాపను పెంచుతున్నా, కాగితం మీద తల్లి ఒక్కరే. ఆమెకు ఏదైనా జరిగితే, రోజూ అన్నం తినిపించి బడికి పంపిన రెండో అమ్మ చట్టం దృష్టిలో పరాయి మనిషి.

కొంత వెసులుబాటు వేరే దారుల్లో వస్తోంది. ఒక ట్రాన్స్ మహిళ వేసిన గృహహింస ఫిర్యాదుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పిస్తూ, పిల్లల్ని కనలేదన్న కారణంతో ఆమె మహిళ కాదనడం కుదరదని తేల్చింది.

బడి పాఠాల్లో మాత్రం అడుగు వెనక్కి పడింది. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని క్లాసులో ఎలా కలుపుకోవాలో టీచర్లకు చెప్పేందుకు ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఒక శిక్షణ పుస్తకం తెచ్చింది. ఫిర్యాదులు రావడంతో కొద్ది రోజులకే వెబ్‌సైట్ నుంచి అది మాయమైంది.

పుస్తకం పోయినా, ఊళ్లలో కుటుంబానికి తొలి రుజువు అనుకునే రేషన్ కార్డులో మార్పు వచ్చింది. కలిసి ఉంటున్న స్వలింగ భాగస్వాములను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని 2024లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. జాయింట్ బ్యాంక్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి కూడా అడ్డు లేదని అదే ఏడాది స్పష్టం చేసింది. ఆ ఇంట్లో పెరిగే పిల్లలకు ఇద్దరూ తల్లిదండ్రులే అని చెప్పే కాగితం మాత్రం ఇంకా లేదు.