ఉన్ని తలపట్టీ

నరసాపుర ప్రాంతపు స్త్రీలు నూలుదారముతో అల్లు లేసునకు 2024వ సంవత్సరమున భౌగోళిక సూచిక లభించెను. ఆ కొక్కెపుసూది పనినే లావుపాటి ఉన్నితో ఆరంభించిన, క్రొత్తవారికి కుట్లు స్పష్టముగా కనబడును. క్రిస్మసు దినముల చలికి ఇంటిల్లపాది చెవులను గప్పు పట్టీ దీనికి తగినది.

5 మిల్లీమీటర్ల సూదితో 12 గొలుసుకుట్లు వేయవలెను. సూదికి దగ్గరి గొలుసును విడిచి, తక్కినవానిలో నొక్కొక్క పొట్టికుట్టు వేసిన 11 అగును. పిమ్మట నొక గొలుసు వేసి, పని త్రిప్పి, ప్రతికుట్టునందును వెనుకపోగును మాత్రమే పట్టి అల్లవలెను. అందుచే గట్లేర్పడి పట్టీ చక్కగా సాగును. వరుసలు పెరిగినకొలది పొడవు పెరుగును, వెడల్పు మారరాదు. మా మొదటి పట్టీ 11 కుట్లతో నారంభమై 8తో ముగిసినది! వరుస చివరి కుట్టును మరచుటయే కారణము. కనుక ప్రతివరుసను లెక్కింపుడు.

కొలతయే ముఖ్యము. ఉన్ని సాగును గనుక తలచుట్టుకొలతకు 2 అంగుళములు తగ్గింపవలెను; 22 అంగుళముల తలకు 20 చాలును. మేము తలకు సరిగా నల్లి తల్లిగారికిచ్చితిమి. రెండు దినములకే అది కన్నులపైకి జారెను. కొన్ని వరుసలు విప్పితిమి. ఉన్ని యేమియు చెడలేదు. తుదకు రెండు కొనలను జేర్చి కుట్టి, మిగిలిన దారమును లోపలికి దోపితిమి.