సంఘపు కంప్యూటరులో చెడిన కార్డును కనిపెట్టి మార్చుట

సహకార సంఘమునకు లెక్కలే ప్రాణము. పూర్వము చిట్టా ఆవర్జాలలో నుండెడి యీ లెక్కలు నేడు కంప్యూటరులోనికి చేరుచున్నవి. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరులను సమకూర్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. అయినను క్రొత్త యంత్రము వచ్చినంతమాత్రమున పాతది బల్లదిగి పోదు. దాని రోగమును గుర్తెఱుగుట సభ్యులకును కొంత అవసరము.

బిచ్కుంద ప్రాంతమున ఒక కార్యాలయములో నేను కన్నులార చూచిన సంగతి చెప్పెదను. తొలకరి నాటి రాత్రి ఉఱుములు మెఱుపులతో వాన కురిసినది. మఱునాడు కంప్యూటరు తెర యథాప్రకారము వెలిగినది గాని, బ్యాంకుతో సంబంధము తెగిపోయినది. సోయా విత్తనముల వేళ అది. అప్పు తీర్చ వచ్చినవారిని, క్రొత్త అప్పు కోరి వచ్చినవారిని గుమాస్తా “కంప్యూటరు చెడినది, రేపు రండి” అని పంపివేసెను. ఇట్లు మూడు దినములు గడచెను. మరమ్మతునకు వచ్చిన యొకడు పెట్టెను తెఱవకయే, క్రొత్త యంత్రము కొనవలసినదే యనెను. నాల్గవ దినమున ఒక విద్యార్థి పెట్టె విప్పి చూడగా, నెట్‌వర్క్ కార్డు ఒక్కటియే మాడియుండెను. మూలపడియున్న మఱియొక యంత్రమునుండి అట్టి కార్డును తీసి పెట్టగా, మధ్యాహ్న భోజనమునకు ముందే పని సాగినది. కర్రు అరిగినదని నాగలిని పొయ్యిలో పెట్టువాడుండునా?

ఆలస్యము చిన్న విషయము కాదు. 3 లక్షల రూపాయల వఱకు గల స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల తీర్చినవారికి అందులో 3 శాతము ప్రోత్సాహకముగా తగ్గును. గడువు దాటినచో ఆ లాభము పోవును.

ఇక విషయము. కంప్యూటరు పెట్టెలో మదర్ బోర్డు అను పెద్ద పలక యుండును. దానిపై పొడవైన సన్నని గాడులు కలవు, వీనినే స్లాటులందురు. తెరకు బొమ్మ పంపుటకు, ధ్వనికి, నెట్‌వర్క్ తీగకు వేఱువేఱు కార్డులను ఈ గాడులలో గ్రుచ్చెదరు. సంఘపు లెక్కలు ఈ కార్డులలో నుండవు. అవి లోపలి డిస్కులోనో, దూరముననున్న సర్వరులోనో భద్రముగా నుండును. కావున కార్డు మార్చిన ఖాతాలు పోవునను భయము వలదు.

మొదట పెట్టెను విప్పరాదు. వెనుక తీగ తగిలించు చోట చిన్న దీపములు వెలుగుచున్నవా చూడుడు. వెలుగనిచో, పనిచేయుచున్న మఱియొక తీగను తగిలించి చూడవలెను. అవతలి కొననున్న పెట్టెకు విద్యుత్తు కలదో లేదో కూడ చూడవలెను. సగము రోగములు ఇక్కడనే తీరును. అప్పటికిని దీపము వెలుగనిచో కార్డును, గాడిని అనుమానింపవలెను.

కంప్యూటరును ఆపి, విద్యుత్ తీగను పూర్తిగా ఊడదీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోవుటకై పవర్ మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టుడు. మన దేహమునందలి స్థిరవిద్యుత్తు కంటికి కనబడకయే కార్డును చంపగలదు. కాన పెట్టె లోపలి ఇనుప చట్రమును ముట్టి పిదప పని చేయవలెను. కార్డును బిగించిన మఱను తీసి, అంచులు పట్టుకొని నిట్టనిలువుగా లాగుడు. ప్రక్కలకు ఊపిన గాడి చీలును. గాడిలో దిగు అంచునందలి బంగారు పూత పలుకలు మన నల్లరేగడి దుమ్మునకును వానాకాలపు చెమ్మకును మలినమగును. పెన్సిలు వ్రాత చెరుపు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మరల గ్రుచ్చి చూడుడు. గరుకు కాగితముతో రుద్దరాదు. ఆ పూత మిక్కిలి పలుచన. ఇంతటితోనే పెక్కు కార్డులు బ్రతికినవి. కానిచో అదే తరగతి మఱియొక గాడిలో పెట్టుడు. అక్కడ పనిచేసిన దోషము గాడిది. వేఱొక కంప్యూటరులోను పనిచేయకున్న కార్డు చచ్చినదే.

క్రొత్తది కొనబోవువాడు పాత కార్డును సంచిలో వేసికొని పోవలెను. 1992లో వెలువడిన పి.సి.ఐ. గాడి వేఱు, 2003 నాటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ గాడి వేఱు. ఒకదానిది మఱియొకదానిలో దిగదు, బలవంతము పనికిరాదు. సామాన్యపు నెట్‌వర్క్ కార్డు కొన్ని వందల రూపాయలకు దొరకును. దానిని నడుపు డ్రైవరు మీ పాత విండోసునకు సరిపడునదేనా యని అడిగి, పెన్‌డ్రైవులో వేయించుకొని రండు. ఇది మఱచినవాడు బావిలో చేదను, త్రాడును కలిపి విడిచినవాడు. నెట్ లేనిదే డ్రైవరు రాదు, డ్రైవరు లేనిదే నెట్ రాదు.

క్రొత్త కార్డునకు తనదైన గుర్తింపు సంఖ్య యుండును. కొన్నిచోట్ల పాత సంఖ్యనే నమోదుచేసి యుంచుదురు గనుక, కార్డు బాగుగనే యున్నను సంబంధము కలుగదు. అప్పుడు పై కార్యాలయమునకు క్రొత్త సంఖ్యను తెలుపవలెను.

మబ్బు పట్టి ఉఱుమునప్పుడు విద్యుత్ తీగతో బాటు నెట్ తీగను కూడ ఊడదీయుడు; పిడుగుపాటు పోటు ఈ రెండవ తీగ వెంటనే తఱచు వచ్చును. కార్డు వచ్చు వఱకు అప్పు తీర్చ వచ్చిన సభ్యుని త్రిప్పి పంపక, సొమ్ము పుచ్చుకొని, ఆనాటి తేదీతో చేతివ్రాత రశీదు ఇచ్చి, పాత చిట్టాలో వ్రాసికొనుమని కార్యదర్శిని సభ్యులు అడుగవలెను.